అద్దాల గది కప్పు

మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకు అద్దాల గదిలో తోటవైపు తలుపు బిగుసుకుపోయింది. గదిలో మంచం మీద బెరిల్ ఉంది. క్లిఫర్డ్ భుజంతో రెండుసార్లు నెట్టినా తలుపు కదల్లేదు.

"చలికి ఉబ్బిందిలే," అన్నాడు భార్యతో.

"ప్లాస్టిక్ తలుపు ఉబ్బుతుందా, క్లిఫ్? జన్మంతా ఇళ్లకు కప్పులేసిన మనిషివి, కాస్త నమ్మేలా చెప్పు."

బెరిల్ జబ్బు ఇక తగ్గదని ఆగస్టులో ఆసుపత్రివాళ్లు తేల్చేశారు. ఆఖరి రోజులు తోట కనబడేచోట ఉంటానంది. ఇంగ్లండ్‌లో, రోథరమ్‌లోని ఆ ఇంటి వెనక ఉన్న అద్దాల గదికి పలచటి ప్లాస్టిక్ కప్పు ఉండేది. చలికాలంలో అక్కడ కూర్చోవడం కష్టం. క్లిఫర్డ్ దాన్ని పీకేసి పెంకులతో కొత్త కప్పు వేశాడు. అంత బరువు ఎక్కించేముందు ఊరి కౌన్సిల్‌కు అర్జీ పెట్టాలి. లోపలి దూలాలు కౌన్సిల్ ఇన్‌స్పెక్టరు చూశాకే సీలింగ్ మూయాలి. అతను అర్జీ పెట్టలేదు. సీలింగ్ మూసి, రంగేసి, కింద మంచం వేశాడు.

పది గంటలకు ఇన్‌స్పెక్టరు వచ్చింది. పిలిపించింది కూతురు జానీన్. ఇన్‌స్పెక్టరు తలుపు పైనున్న పట్టీకి మట్టం పెట్టి చూసింది. కప్పు బరువుకు అది మధ్యలో కిందికి వంగింది.

"ఈ గోడలు అద్దాలకు సరిపోతాయి, పెంకులకు కాదు. సీలింగ్ విప్పి చూడకుండా అనుమతి ఇవ్వలేను. మంచం మాత్రం ఈరోజే ఇక్కణ్ణుంచి తీసేయండి," అని చెప్పి వెళ్లిపోయింది.

వంటింట్లో క్లిఫర్డ్ కూతురి వైపు తిరిగాడు.

"కన్నతండ్రి మీద కౌన్సిల్‌కు చెప్పొచ్చావన్నమాట."

"నీ మీద కాదు నాన్నా, కప్పు మీద."

"అర్జీ పెట్టి కూర్చుంటే ఎన్నాళ్లయ్యేదో తెలుసా? మీ అమ్మకు అన్నాళ్లున్నాయా?"

"అది మీద పడితే ఈ నాలుగు రోజులూ ఉండవు."

"నేను వేసిన కప్పు ఒక్కటీ పడలేదే."

"అవన్నీ ఇటుక గోడల మీద వేశావు."

పోయిన వారం తలుపు పైన మూలలో వేలు పట్టేంత సందు వచ్చింది. క్లిఫర్డ్ దాన్ని సీలెంటుతో పూడ్చి రంగేశాడు. ఎవరికీ చెప్పలేదు.

"క్లిఫ్, ఇలా రా," అని పిలిచింది బెరిల్. "మీ గొడవంతా వినబడుతూనే ఉంది."

అతను వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఆ మూల నువ్వు రంగేస్తుంటే చూశాను. నిద్రపోతున్నాననుకున్నావు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను. అప్పట్నుంచి తోట చూసిందే లేదు. పొద్దస్తమానం ఆ కప్పునే చూస్తూ పడుకుంటున్నాను."

క్లిఫర్డ్ మంచం అంచున కూలబడ్డాడు. "నీకు వెచ్చగా ఉంటుందని వేశాను, బెరిల్," అన్నాడు. దుప్పట్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. జానీన్ వచ్చి తండ్రి వీపు మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని తోసెయ్యలేదు.

మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు మంచాన్ని ముందుగదిలోకి మార్చారు. అక్కడి కిటికీలోంచి వీధి, ఎదురింటి చెత్తడబ్బాలు కనబడతాయి.

"నయమే," అంది బెరిల్. "ఎవరింటికి ఎవరొస్తున్నారో తెలుస్తుంది."

మర్నాడు క్లిఫర్డ్ నిచ్చెన వేసుకుని పెంకులు విప్పడం మొదలుపెట్టాడు. జానీన్ కింద నిలబడి అందుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ముందుగదిలో బెరిల్ చనిపోయింది. అప్పటికి కప్పు సగం దిగింది.