కెంపుపొర కింద

చెంగమ్మ బొటనవేలితో నొక్కి చూసి పండును బుట్టలో వేసింది. నొక్కకపోతే తెలియదు. కెంపుపొర కింద ఆకులన్నీ నల్లన. దోరకాయా తెల్లనే, మాగిన పండూ తెల్లనే. ఎండలోని రంగులన్నిటినీ మింగి, ఒక్క ఎరుపునే కిందికి వదిలే పొర అది. మొక్క ఏపుగా ఎదగడానికి ఆ ఎరుపు చాలని తేల్చి, కొండ నుంచి కొండ దాకా లోయంతా కప్పేశారు. టమాటా యాభై రోజులకే కాపుకొచ్చింది. ఇక ఆకుపచ్చకు పచ్చజెండా ఊపేవాడెవడు? పొర కింద పొరపాటన్నదే ఉండదని కంపెనీవాళ్లు చాటుకున్నారు. కూలీల ఇళ్లు కూడా ఆ పొర కిందే.

నలభైమంది ఆడవాళ్లకు చెంగమ్మ మేస్త్రి. పక్క వరుసలో ఆమె చెల్లెలు ఓబుళమ్మ. తొమ్మిదేళ్లుగా రోజుకు పదిగంటలు నిలువుకాళ్ల కొలువు. ఆ కొలువుకు ఆమె పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. అయినా కూర్చోదు. మేస్త్రి చెల్లెలే కూర్చుంటే మిగతావాళ్లు పడుకుంటారని అక్క ఎప్పుడో చెప్పింది.

మధ్యాహ్నం ఓబుళమ్మ తన కాళ్లు తడిగా ఉన్నాయంది. చెంగమ్మ వంగి చూసింది. వెలుతురును మళ్లీ మొక్కల మీదికి తిప్పికొట్టడానికి నేలంతా పరిచిన తెల్లపట్టా మీద నీళ్లలాంటి తడి. వేలితో తాకితే జిగురుగా తగిలింది. కంటిని నమ్మని ఆ వరుసల్లో వేలు చెప్పిందే సాక్ష్యం. జిగురంటే పండ్ల రసమే.

“ఎన్ని పండ్లు తొక్కినావే?”

“నేనేం తొక్కలేదు కా. యాడ్నుంచో కారతాంది.”

“కారనీలే. సాయంత్రం చారు పెట్టుకుందాం.”

వరుసలన్నీ నవ్వాయి. ఓబుళమ్మా నవ్వింది. చెంగమ్మ తన చేతిగుడ్డతో ఆమె పాదాలు తుడిచి, ముందుకు కదిలింది. కాసేపటికి మళ్లీ తుడిచింది.

కళ్లు తిరుగుతున్నాయంటే, ఉక్కకు అలాగే ఉంటుందని నీళ్లు తాగించారు. మూడు కావస్తుండగా ఓబుళమ్మ తీగను పట్టుకుని మెల్లగా పట్టా మీదికి జారిపోయింది. నొప్పి అని ఒక్కసారీ అనలేదు.

నలుగురు ఆమెను మోసుకుని, మిగతావాళ్లు వెంట రాగా, గేటు దాటి మామూలు ఎండలోకి వచ్చారు. అక్కడ చెంగమ్మ తన చేతులు చూసుకుంది. మోచేతుల దాకా ఎరుపు. మోసినవాళ్ల చీరలూ ఎరుపే. ఓబుళమ్మ ముఖం మాత్రం సున్నంలా ఉంది.

కంపెనీ డాక్టరు నాడి చూసి చేయి వదిలేశాడు. తర్వాత అందరినీ దగ్గరికి పిలిచి వివరించాడు. చీలమండ దగ్గర ఉబ్బిన నరం చిట్లింది. అది నొప్పి తెలియకుండానే చిట్లుతుంది. పడుకోబెట్టి, కాలు పైకెత్తి గట్టిగా అదిమి ఉంటే నెత్తురు ఆగేది. కానీ ఎర్రటి వెలుతురులో, తెల్లపట్టా మీద, నెత్తురు కూడా నీళ్లలాగే కనిపిస్తుంది. మొక్కల కోసం చేసిన పొర కదా, ఈ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఎవరి తప్పూ లేదు.

“నేను తుడిచినా సార్” అంది చెంగమ్మ. “రెండుసార్లు తుడిచినా.”



గుంపులో ఒకామె కుచ్చెళ్లు పైకెత్తి, తన పిక్కలను ఎండలో చూసుకుంది. నీలంగా, మెలికలు తిరిగి ఉన్నాయి. పక్కామె చూసుకుంది. తర్వాత అందరూ చూసుకున్నారు.

లోపలికి రమ్మని సైరన్ మోగింది. ఒక్కొక్కరే మట్టిలో కూర్చున్నారు. వాళ్లను లేపాల్సిన మేస్త్రి, చెల్లెలి కాళ్లు ఒళ్లోకి తీసుకుని వాళ్ల నడుమే కూర్చుంది.