ఎడమచేతి ముడి

ఆ వీధిలో అందరూ ఆమెను కుట్లమ్మ అనేవారు. యాభై దాటాక తైలచిత్రాలు నేర్చుకోవడానికి బయల్దేరితే నవ్వుకున్నారు కూడా. ఆమె బాధ ఆమెది. అక్క పోయి మూడేళ్ళు, ఒక్క ఫొటో లేదు, ముఖం మరపున పడుతోంది.

అక్కే ఆమెకు కుట్టు నేర్పింది. అక్క మంచాన పడ్డాక కుట్లమ్మ అడగకుండానే అక్క కుట్టుమిషన్ తన ఇంటికి తెచ్చుకుంది. ఆ రోజు గోడ వైపు తిరిగి పడుకున్న అక్క, పోయేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.

"మొదటి బొమ్మకే ముఖం జోలికి వెళ్ళకండమ్మా," అన్నాడు బొమ్మలు నేర్పే మాస్టారు. "వెనక నుంచి వేయండి. ముందు టర్పెంటైన్‌తో పలచగా, ఆరాక నూనె కలిపి చిక్కగా. తొందరపడితే రంగు పగుళ్ళిస్తుంది."

మిషన్ ముందు స్టూలు మీద అక్క వీపు, జడ, ఎడమ చెవి అంచు వేసింది. పచ్చి రంగు కదా, మళ్ళీ వారం క్లాసు దాకా బొమ్మను మాస్టారి దగ్గరే గోడకు ఆనించి వచ్చేది.

మెడలో టేపు ఉంటే చెయ్యి ఊరుకోదు. చెవి నుంచి భుజం అంచుకు కొలిచింది. రెండంగుళాలు. మరుసటి వారం రెండుంబావు. ఆ పై వారం రెండున్నర, చెవి పక్కన ఆమె వేయని చెంప గీత.

మాస్టారే దిద్దుతున్నాడని ఆమెకు ఒళ్ళు మండింది.

"నా బొమ్మ మీద చెయ్యి వేశారా?"

"నా బొమ్మలకే తీరిక లేదమ్మా."

తల అడ్డంగా ఊపాడు కానీ బొమ్మ వైపు చూడలేదు. అతని గోళ్ళ కింద రంగు చూసింది. ఆకుపచ్చ. చెంప గోధుమ రంగు. వేలితో తాకింది. బొమ్మంతా ఆరింది, చెంప ఒక్కటే తడి.

అయినా నమ్మకం కుదరక బొమ్మను ఇంటికి తెచ్చేసింది. రంగుకు అంటకుండా నాలుగు మూలలా బిరడాలు పెట్టి, గుడ్డ చుట్టి, దారంతో బిగించి ముడి వేసింది. ఇక ఎవరు దిద్దుతారో చూద్దామనుకుంది. లోపల ఎక్కడో చిన్న ఆశ కూడా ఉంది. ఇంకో అంగుళం తిరిగితే అక్క ముఖం కనిపిస్తుంది.

మిషన్ మీద ఇంట్లో వేసుకోవడానికి తన కోసం కుట్టుకుంటున్న గౌను సగంలో ఉంది. దారం అయిపోయింది. తలుపుకు తాళం వేసి వీధి చివరి కొట్టుకు వెళ్ళి పావుగంటలో వచ్చింది. ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది.

ఇంట్లో టర్పెంటైన్ వాసన.

గుడ్డ కట్టినట్టే ఉంది. ముడి కూడా ఉంది... కానీ మెలి ఎదురు తిరిగి ఉంది.

అక్కది ఎడమచేతి వాటం. అక్క వేసిన ముళ్ళు విప్పలేక చిన్నప్పుడు ఎన్నిసార్లు ఏడ్చిందో. మాస్టారు కుంచె పట్టేది కుడిచేత్తో.

"అక్కా..." అంది.

విప్పడానికి చాలాసేపు పట్టింది. గుడ్డ జారింది.

బొమ్మలో మిషన్ ఉంది. స్టూలు ఉంది. స్టూలు మీద ఎవరూ లేరు. ఆ చోట రంగును తాకింది. గరుగ్గా, పొడిగా ఉంది, ఏళ్ళ క్రితం వేసినట్టు.

పక్క గదిలో మిషన్ చక్రం ఆగుతున్న చప్పుడు. టక్... టక్...

వెళ్ళి చూసింది. గదిలో ఎవరూ లేరు. గౌను కుట్టడం పూర్తయింది. చేతులు, నడుము, అంచు, అన్నీ ఆమె కొలతలే. ఎంత చక్కటి కుట్టు, అక్క పనితనమే అది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం పోయిందన్నమాట అనుకుంది.

ఒంటికి ఆనించుకుని చూసుకుందామని గౌను ఎత్తింది.

మెడ లేదు. తల దూర్చే చోటు ఈ భుజం నుంచి ఆ భుజం దాకా దగ్గర దగ్గరగా కుట్టేసి ఉంది. చివర ముడి, మెలి ఎదురు తిరిగి, ఇంకా గోధుమ రంగు తడితో.