గాలి తగ్గేదాకా

"ఏమండీ, చెట్టెక్కి అది దించి ఇస్తారా?"

మణికంఠన్ తలెత్తి చూశాడు. అతని తోపులో అన్నిటికంటే పొడవైన కొబ్బరిచెట్టు మొవ్వులో బుల్లి డ్రోన్ ఒకటి ఇరుక్కుని గుయ్‌మంటోంది. కంచె అవతల రిమోట్ పట్టుకుని ఒక అమ్మాయి.

"దాన్ని ఆడికి ఎక్కించింది ఎవరు?"

"నేనే. మీ చెట్టు అడ్డమొచ్చింది."

"చెట్టు ముప్పై ఏండ్లుగా ఆడనే ఉండాది!"

"చూస్తిరా! ఈపాటికి కొంచెం జరిగుండొచ్చు కదా?"

అతనికి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. లుంగీ బిగించి చెట్టెక్కాడు.

ఆమె పేరు బృంద. పొళ్ళాచ్చి దగ్గర కినత్తుకడవు శివార్లలో ఉండే వెంకటేశన్ కూతురు. వెంకటేశన్ ఇరవై ఏళ్లు వీపున డబ్బా మోసి ఊళ్లోవాళ్ల తోటలకు పురుగుమందు కొట్టాడు. ఒకరోజు టమాటా చేలో కూలిపోయాడు. ఆనాటి నుంచి నాలుగు మెట్లెక్కినా ఆయాసమే. ఇంకెవరి వీపు మీదా ఆ డబ్బా ఉండకూడదని బృంద పట్టుదల. డ్రోన్‌తో మందు కొట్టే పైలట్ లైసెన్స్ పరీక్షకు రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ తప్పింది.

"ఒంటిగా ఉంటే బాగా ఎగరేస్తా. పదిమంది చూస్తే చేతులు వణుకుతాయి," అంది తల దించుకుని.

మణికంఠన్ మర్నాడు తోపులో కాయలొలిచే ఆడవాళ్లనందరినీ కంచె పక్కన వరసగా కూర్చోబెట్టాడు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని బృంద వాళ్లవ్వ రామక్కాళ్.

"బాగా అరవండి. ఎంత ఎగతాళి చేస్తే అంత మంచిది," అన్నాడు.

వాళ్లకు ఇంకోసారి చెప్పాల్సిన పనిలేకపోయింది. "కణ్ణూ, మా కోడి ఇంతకంటే బాగా ఎగురుతుంది!" అని రామక్కాళే మొదలెట్టింది. మొదటి వారం డ్రోన్ మూడుసార్లు పడింది. నెల తిరిగేసరికి ఆడవాళ్లు గొంతులు బొంగురుపోయేలా అరుస్తున్నా అది గాలిలో గీత గీసినట్టు సాగిపోయేది.

ఆ వైపు కన్నెత్తి చూడనివాడు వెంకటేశన్ ఒక్కడే. "ఆడపిల్ల ఊరూరా తిరిగి మందు కొట్టేదా?" అన్నాడు ఇంట్లో.

"నువ్వు మగబిడ్డవని మందు నిన్ను విడిచిపెట్టెనా?" అంది తల్లి రామక్కాళ్.

మూడోసారి బృంద పాసయింది. పది రోజుల్లో ఉద్యోగం వచ్చింది. మదురై అవతల, నల్లరేగడి పత్తిచేలలో.

బస్టాండులో ఆమె కిటికీ పక్కన కూర్చుని అతని వైపే చూసింది. ఏదైనా చెప్తాడేమోనని ఆ చూపు. మణికంఠన్ గొంతు సవరించుకున్నాడు.

"బ్యాటరీలు ఎండలో పెట్టొద్దు," అన్నాడు.

బస్సు కదిలింది.

పదకొండు గంటలకు చేలో గాలి లేస్తుంది, మందు కొట్టడం ఆపేస్తారు. అప్పుడు ఫోన్ చేసేది బృంద. పదిన్నర నుంచే మణికంఠన్ సిగ్నల్ బాగా అందే మోటారు గది దగ్గర తచ్చాడేవాడు.

"ఆడ గాలి ఎట్లుండాది?" అని అడిగేవాడు.

"జాస్తిగా ఉండాది. ఆడ?"

"ఈడా అంతే."

నాలుగు నెలలు ఇదే మాట. ఆమె గొంతు ఆగిపోయాక కూడా ఫోన్ చెవి దగ్గరే ఉండేది. కంచె పక్క, ఆమె డ్రోన్ ఎగరేసిన ఖాళీ స్థలంలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. కోయించాలనిపించలేదు.

ఒక శనివారం బృంద చెప్పింది. "టీమ్ లీడర్‌గా ఉండమంటాండారు. ఇంకొక సంవత్సరం. ఏం చెప్పను?"

"సరి అను," అన్నాడు వెంటనే. ఆ రోజు అన్నం సయించలేదు. తెల్లవారగానే పొళ్ళాచ్చి వెళ్లి మదురై బస్సెక్కాడు.

పత్తిచేను గట్టు మీద తుమ్మచెట్టు నీడలో బృంద ఒక్కతే బ్యాటరీలు సర్దుతోంది. అతన్ని చూసి లేచి నిలబడింది. ఎండకు నల్లబడింది, చిక్కింది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"ఏమైంది? నాయనకు ఏమన్నా..."

"అందరూ బాగుండారు. నేనే బాగలేను."

ఆమె చేతిలోని బ్యాటరీని కింద పెట్టింది.

"వెనక్కి రమ్మని చెప్పేదానికి రాలేదు, బృందా. నువ్వీడ ఉండాల్సిందే. కాని నువ్వు లేకుండా నాకు పొద్దు పోలేదు. ఫోన్లో గాలి గురించే నోరొస్తాది, ఇది రాదు. అందుకే బస్సెక్కితి."

"ఇది చెప్పేదానికి నాలుగు నెలలా?" ఆమె నవ్వబోయింది. "దినమూ ఆ ఫోన్ పెట్టేసి ఎంత ఏడ్చానో తెలుసా నీకు? సంవత్సరం ఉండగలవా?"

"కష్టమే. ఉంటా. వారం విడిచి వారం వస్తా."

బృంద చున్నీతో మొహం తుడుచుకుని ఇంటికి ఫోన్ కలిపింది. స్పీకర్ నొక్కి అతని చేతిలో పెట్టింది. "నాయన. నువ్వే చెప్పు."

"నేను... మణికంఠన్‌ను. మదురై దగ్గర ఉండా. బృంద దగ్గర..."

అవతల ఆయాసంతో కూడిన ఊపిరి మాత్రమే వినిపించింది.

"అంత దూరం పోయిండావు," అన్నాడు చివరికి వెంకటేశన్. "అన్నం తింటివా, మాపిళ్ళై?"

అల్లుడిని పిలిచే ఆ పిలుపు విని బృంద రెండు చేతులతో నోరు మూసుకుంది. మణికంఠన్ ఫోన్ పట్టుకుని పత్తిచేను వైపు చూస్తూ నిలబడిపోయాడు.