టేపు చుట్టిన తీగ

పొద్దున్నే వాకిలి ఊడ్చి, అత్తకు చాయ్ ఇచ్చి భవాని కంప్యూటర్ ముందు కూర్చుంది. తెరమీద వైఫై గీత ఒక్కటి మెరిసి మాయమైంది. ఈ వారమంతా ఇదే తంతు.

పదకొండింటికి ఆమె ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కల పాఠం చెప్పాలి. కంపెనీ వాళ్లు చూస్తారు. నచ్చితే ఉద్యోగం ఖాయం. అది వస్తే ముందు కొన్ని నెలలు హైదరాబాద్‌లో ఉండి శిక్షణ తీసుకోవాలి. మొన్న ఫోన్ నుంచి నెట్ పెట్టి చెప్పబోతే గొంతు తెగిపోతూ వచ్చి పరువు పోయింది. ఇంకొక్క అవకాశమే ఇస్తామన్నారు.

"కంప్యూటర్ల వైఫై కార్డు పోయింది భవానీ. వచ్చే వారం కొత్తది తెప్పిస్త. పరేషాన్ గాకు," అంటూ భర్త రత్నాకర్ బండి తీశాడు.

అతనికి సిద్దిపేటలో మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. చింతమడక, బెజ్జంకి రైతులు కాలిన మోటార్లు తెచ్చి అతని ముందే దించుతారు. ఈ కంప్యూటర్ కూడా విడిభాగాలు కొనుక్కొచ్చి మొగుడూ పెళ్లాలు నేలమీద కూర్చుని బిగించుకున్నదే. అది మొరాయించినప్పటి నుంచి సాయంత్రం కాగానే రత్నాకర్ ఆమె పక్కన చేరేవాడు. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు, కార్డును ఇంకో స్లాట్‌కు మార్చాడు, రౌటర్‌ను నానా తిట్లూ తిట్టాడు.

"నా కొడుకు లాంటి మొగడు ఎవలకు దొరుకుతడు?" అని అత్త కనకవ్వ వాడకట్టంతా చాటుకుంది. భవాని కూడా ఔననే అనుకుంది, పిచ్చిది.

అతను వెళ్లాక ఆమెకు అనుమానం వచ్చింది. కార్డు చెడిపోతే దాని పేరు తెరమీద ఎందుకు కనపడుతుంది? పక్కనే పెట్టిన ఫోన్‌లో వైఫై నిండుగా ఉంది కాబట్టి రౌటర్ తప్పూ కాదు. స్క్రూడ్రైవర్ వెతికి తెచ్చి కంప్యూటర్ పక్కమూత విప్పింది.

కార్డు నుంచి యాంటెన్నాలకు పోయే సన్నని తీగలు రెండూ ఊడి ఉన్నాయి. వాటి కొసలకు నల్ల టేపు నున్నగా చుట్టి, చివర చిన్న మడత పెట్టి ఉంది.

ఊడిన తీగ తనకు తాను టేపు చుట్టుకోదు కదా! కరెంటు లేని తీగైనా సరే, విప్పాక కొసకు టేపు చుట్టనిదే రత్నాకర్‌కు మనసొప్పదు. మోటార్ల దగ్గర పడ్డ అలవాటది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను మాత్రం అతని చేతి అలవాటే పట్టిచ్చింది.

భవాని గోటితో టేపు లాగేసి, తీగల కొసలను కార్డుమీద నొక్కింది. తెరమీద గీతలన్నీ వచ్చాయి. పదకొండింటికి పిల్లలకు భిన్నాలు చెప్పింది.

మధ్యాహ్నం రత్నాకర్ అన్నానికి కూర్చున్నాక ఆ టేపు ముక్కలు కంచం పక్కన పెట్టింది. అతని చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"గదేంది?" అంది కనకవ్వ.

"మీ కొడుకునే అడుగుండ్రి అత్తమ్మా. కార్డుకు ఏం కాలేదు. తీగలు ఈయనే పీకిండు."

రత్నాకర్ తల ఎత్తలేదు. "హైదరాబాద్ పోతే మళ్ల ఈ ఇంటికి రావేమోనని భయమైంది. పొమ్మని అందరి ముంగట నేనే అంటిని. ఇగ వద్దని ఎట్ల చెప్పాలె?"

"నోటితోని చెప్పాలె! వద్దంటే కొట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని. నువ్వే తీగ పీకి, నువ్వే నా పక్కన కూసొని నాతోపాటు వెతికినవు చూడు, గది నన్ను చంపింది."

"పెండ్లాం నోటికాడి బుక్క గుంజినవు గదరా!" కనకవ్వ నెత్తి కొట్టుకుంది. "నిన్ను మెచ్చుకుంట ఇల్లిల్లు తిరిగితి. ఇప్పుడు నా మొకం యాడ పెట్టుకోవాలె?"

సాయంత్రం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఖాయమైంది, సోమవారం నుంచే శిక్షణ. "తప్పయింది భవానీ. పో, నేనే దింపి వస్త," అన్నాడు రత్నాకర్. ఈసారి మనసులోంచే అన్నాడు. ఆమె సరేనంది.

మర్నాడు పొద్దున కంపెనీకి సర్టిఫికెట్లు పంపుతుండగా నెట్ ఆగిపోయింది. భవాని గబుక్కున తలతిప్పి రత్నాకర్ వైపు చూసింది. అతను గడప దగ్గర చెప్పులేసుకుంటున్నాడు.

"వదినా, మీకు గూడ నెట్ పోయిందా? వాడకట్టంత పోయిందట!" పక్కింటి స్వరూప గోడమీంచి కేకేసింది.

కానీ ఆ చూపు అప్పటికే అతనికి తగిలింది.

"నేను గాదు భవానీ. అవ్వ మీద ఒట్టు," అన్నాడు.

"ఎరుకే. ఎరుకైనా కండ్లు ముందుగాల నీ దిక్కే పోయినయి."

రత్నాకర్ గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఎన్ని దినాలు గట్ల చూస్తవు నన్ను?"

భవాని వచ్చి పక్కన కూర్చుంది. అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకూ కన్నీళ్లు ఆగలేదు.

"తెల్వదు," అంది. "నాకు గూడ నిన్ను గట్ల చూడబుద్ధి అయితలేదు."