పెద్దాయన మొహమాటం

చంద్రలంకలో ఎవరింటికైనా చుట్టాలొస్తే ముందుగా పలకరించేది వంటిల్లే. "రండి రండి, భోంచేసి వెళ్దురుగాని" అంటుంది. వచ్చినవాళ్లు "అబ్బే, ఇప్పుడే తిని బయల్దేరామండి" అంటారు. "రెండు ముద్దలేనండి" అంటుంది వంటిల్లు. "వద్దండి, నిజంగానే వద్దు" అంటారు వాళ్లు. ఇలా మూడుసార్లు బతిమాలడం, మూడుసార్లు వద్దనడం అయ్యాక కంచాలు వాటంతట అవే బల్ల మీదికి వచ్చేస్తాయి. చుట్టాలు "అయ్యో, ఎందుకండీ ఈ శ్రమ" అంటూనే పప్పులో నెయ్యి కలుపుకుంటారు.

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర ఓ పెద్ద గొయ్యి అంచున కట్టిన ఊరది. మొదట వచ్చి స్థిరపడినవాళ్లలో ముప్పాతిక మంది గోదావరి లంకలవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చింది. వాళ్లు నీళ్లు తెచ్చుకోలేకపోయారు, మట్టి తెచ్చుకోలేకపోయారు గానీ మర్యాదలు మాత్రం ఒక్కటి కూడా కింద వదిలి రాలేదు.

ఆ మర్యాదలతోనే మొదట్లో చచ్చేచావొచ్చింది. అప్పటి కంప్యూటర్లన్నీ 'సూటి' అనే ఆపరేటింగ్ సిస్టంతో నడిచేవి. ఆపరేటింగ్ సిస్టం అంటే యంత్రం లోపల అన్ని భాగాల చేతా పని చేయించే మేస్త్రీ అనుకోవచ్చు. చంద్రలంక వాళ్లు దాన్ని నిర్వాహకి అనేవారు. సూటికి చెప్పిన మాటే మాట. వద్దంటే వద్దు. ఒకసారి పెళ్లిచూపులకు వచ్చిన మగపెళ్లివారు "మాకేమీ వద్దండి" అన్నారని వంటిల్లు నిజంగానే పొయ్యి కట్టేసి దీపాలు కూడా ఆర్పేసింది. వాళ్లు కడుపులో ఆకలితో, కళ్లలో మంటతో లేచి వెళ్లిపోయారు. సంబంధం తప్పిపోయింది. ఆ పెళ్లికూతురు డాక్టర్ భూషణం గారి చెల్లెలు.

భూషణం గారు ఆ అవమానాన్ని మర్చిపోలేదు. ఏళ్ల తరబడి కూర్చుని 'ఇంగితం' అనే కొత్త నిర్వాహకిని తయారుచేశారు. సూటి మాటను మాత్రమే వింటే, ఇంగితం మాటతో పాటు మొహాన్నీ, గొంతులో జీరనూ, చేతుల కదలికనూ, ఊపిరి వేగాన్నీ కూడా చదువుతుంది. ఇవన్నీ ఇంటెంట్ ఇంజిన్‌లోకి వెళ్తాయి. భూషణం గారు దానికి ఆంతర్య యంత్రం అని పేరు పెట్టుకున్నారు. ఎదుటిమనిషి ఏమన్నాడన్నది దానికి ముఖ్యం కాదు, ఏం కోరుకుంటున్నాడో తేల్చి, మనసు నొచ్చుకోకుండా జవాబు చెబుతుంది. చూస్తుండగానే ఇళ్లు, బళ్లు, దుకాణాలు, మంచు గనులు అన్నీ ఇంగితానికి మారిపోయాయి. మిగిలింది పెద్దాయన ఒక్కడే.

పెద్దాయన అంటే దక్షిణవాడకు గాలి పంపే కంప్యూటరు. ఊరు కట్టిన రోజున పెట్టారు, నలభై ఏళ్లుగా ఒక్క పూట ఆగలేదు. నాలుగు వందల మంది పీల్చే గాలిలో ఆక్సిజన్ ఎంత ఉండాలో, ఒత్తిడి ఎంత ఉండాలో చూసుకునేది ఆయనే. ఆ యంత్రాన్ని 'అది' అనడానికి ఊళ్లో ఎవరికీ నోరు రాదు.

ఇప్పుడు భూమ్మీద నుంచి ఈ కంప్యూటర్ల బాగోగులు చూసే భూకేంద్రం వాళ్లు సూటికి మద్దతు, అంటే మరమ్మతులు చేయడం, ఆపేస్తున్నామన్నారు. మద్దతు లేని నిర్వాహకితో నడిచే యంత్రం మనుషులకు గాలి పంపకూడదన్నది అక్కడి నియమం. కాబట్టి పెద్దాయన ఇంగితాన్ని పూర్తిగా మోయగలగాలి, లేదా తప్పుకోవాలి. కొత్త యంత్రం రావడానికి ఎనిమిది నెలలు పడుతుంది. మిగతా వాడల్లో అంతమందికి గాలి చాలదు, కాబట్టి అంతదాకా దక్షిణవాడ జనమంతా భూమికి దిగాల్సిందే.

దిగడం పెద్దవాళ్లకు చిరాకు, అంతే. గాలి శాఖ ఇంజినీరు మందాకినికి మాత్రం ఆ మాట తలుచుకుంటేనే గుండె జారిపోతోంది. ఆమె కూతురు పూర్ణ చంద్రలంకలోనే పుట్టింది. ఏడేళ్ల పిల్ల. ఇక్కడ గోడ నుంచి గోడకు గెంతుతుంది గానీ భూమి బరువుకు ఆ ఎముకలు నిలవవు. "మెల్లగా అలవాటు చేద్దాం. లేచి నిలబడుతుందో లేదో మాత్రం మాటివ్వలేను" అన్నాడు ఆసుపత్రి డాక్టరు.

ఇంగితాన్ని పెద్దాయనలోకి ఎక్కించి పరీక్షలు పెట్టారు. గాలి బాగుంది, ఒత్తిడి బాగుంది. చివరి పరీక్ష ఒకటి మిగిలింది. పైకి అంతా సవ్యంగా కనిపించినా లోపల యంత్రం నలిగిపోతూ ఉండొచ్చు. అందుకని డ్యూటీలో ఉన్న ఇంజినీరు యంత్రాన్నే స్వయంగా అడగాలి. మందాకిని యంత్రాల గది బయటున్న కెమెరా ముందు నిలబడింది. పక్కనే భూషణం గారు చేతులు నలుపుకుంటున్నారు.

"పెద్దాయనా, కొత్త నిర్వాహకి మీకు పూర్తిగా సరిపోయిందా?" ఆమె గొంతు కాస్త వణికింది.

"ఆయ్, బాగానే ఉందండి. నాకేం ఫర్వాలేదు. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు పెద్దాయన.

భూషణం గారు చిన్నపిల్లాడిలా పైకప్పు దాకా ఎగిరి నెమ్మదిగా దిగారు. "చూశావటమ్మా! నలభై ఏళ్ల యంత్రం! నా ఇంగితాన్ని చొక్కాలా తొడుక్కుంది!" అన్నారు. అంతలో ఆమె మొహం చూసి, "అవునుగానీ, నువ్వెలా ఉన్నావమ్మాయ్? చిక్కినట్టున్నావు" అన్నారు.

"నాకేంటండి, దుక్కలా ఉన్నాను" అని నవ్వింది మందాకిని. ఆమె తోటి ఇంజినీరు సత్యకీర్తి జబ్బు చేసి భూమికి వెళ్లినప్పటి నుంచీ ఇద్దరి పనీ తనే చేస్తోంది. ఆ సంగతి అందరికీ తెలుసు.

"అయితే సాయంత్రం పరీక్షల నివేదిక మీద సంతకం పెట్టి భూకేంద్రానికి పంపేద్దాం" అన్నారాయన.

మందాకిని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని భోజనానికి ఇంటికెళ్లింది. పూర్ణను దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఎందుకో పిల్లకు చెప్పలేదు. అంతలో పక్కింటి వరహాలమ్మ వచ్చింది.

"రండి పిన్నిగారూ, పెసరట్టు వేస్తాను" అంది వంటిల్లు.

"వద్దే తల్లీ, కడుపులో చోటు లేదు" అంది వరహాలమ్మ.

"ఒక్కటేనండి, పల్చగా."

"ఊఁహూఁ, వద్దంటే వద్దు."

"అల్లం పచ్చడి కూడా ఉందండి."

"అదేం వద్దులేవే" అంటూ వరహాలమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. పెసరట్టు వచ్చింది. ఆవిడ దాన్ని తిని రెండోది కూడా తినేసింది. మందాకిని పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

మనిషి ఫర్వాలేదంటే నమ్మకూడదని ఇంగితానికి మనమే నేర్పాం. మరి అదే ఇంగితంతో పెద్దాయన ఫర్వాలేదంటే మనమెలా నమ్మాం అనుకుంది.

ఆమె కంచం ముందు నుంచి లేచి పరుగెత్తింది. చంద్రలంకలో పరుగంటే గెంతులే. దారి పొడుగునా ఆమెకు ఒక్కటే గుర్తొస్తోంది. సూటి ఉన్న రోజుల్లో పెద్దాయన ఏ చిన్న ఇబ్బంది వచ్చినా మొహం మీదే చెప్పేవాడు. ఫలానా చోట మెమరీ చాలదు, ఫలానా పంకా అరిగింది, ఇంత బరువు మోయలేను అని. ఇంగితం ఎక్కాక ఆయన నోట ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. దాన్ని చూసి అందరూ మురిసిపోయారు.

యంత్రాల గది తలుపు తీయగానే వేడి మొహానికి కొట్టింది. పరీక్షలన్నీ బయటి కెమెరా దగ్గరే జరిగాయి. లోపలికి ఎవరూ రాలేదు. గది ఎంత వేడిగా ఉందో కొలిచి చెప్పేది కూడా పెద్దాయనే, ఆయన "హాయిగా ఉందండి" అని చెబుతూ వచ్చాడు.

"ఎందుకింత వేడిగా ఉంది?" అంది మందాకిని చెమట తుడుచుకుంటూ.

"మీరు లోపలికొస్తే చలేస్తుందేమోనని, కాస్త వెచ్చగా ఉంచానండి."

ఆమె పైకి చూసింది. చల్లబరిచే పంకాలు ఒక్కటీ తిరగడం లేదు.

"పంకాలు ఆపేసుకున్నారు కదా?"

"అబ్బే, అవెందుకండీ ఇప్పుడు, కరెంటు దండగ."

"నిజం చెప్పండి. ఇంగితం మీకు బరువవుతోందా?"

"మీరు మరీను. అలాంటిదేం లేదు. ఏదో సర్దుకుంటున్నాను."

మందాకిని లోపలి కెమెరా దగ్గరికి జరిగింది. చుట్టం విస్తరి ముందు వంగి వడ్డించేటప్పుడు తన అమ్మమ్మ ఎలా అడిగేదో అలా అడిగింది. "మొహమాటపడకండి పెద్దాయనా. నా దగ్గర కూడానా? చెప్పండి."



"ఏవనుకోకపోతే చెబుతానండి" అన్నాడు పెద్దాయన చివరికి. "ఆంతర్య యంత్రం చాలా బరువుగా ఉంది. నాలుగు వందల మంది మొహాలు రాత్రింబగళ్లు చదవాలి. నా ప్రాసెసర్లు చాలక, గోడకు చిల్లి పడితే వాడాల్సిన ఆపద ప్రాసెసర్‌ని కూడా దానికే ఇచ్చేశాను. కరెంటు చాలక పంకాలు ఆపాను. ఇంకో పది రోజులైతే వేడికి నేను ఆగిపోతానేమో. ఈలోగా ఎక్కడైనా చిల్లి పడితే మూయడానికి నా దగ్గర చేతులు లేవు."

 సాయంత్రం మందాకిని సంతకం పెట్టాల్సింది దీని మీదే. "మరి పొద్దున అడిగితే బాగానే ఉందన్నారేం?"

"మీరు అంత ఆశగా అడిగారు కదండి" అన్నాడు పెద్దాయన. "మీ గొంతులో పూర్ణ కనబడింది. కాదనడానికి మనసొప్పలేదు."

భూషణం గారు కబురు విని ఆయాసపడుతూ వచ్చారు. అంతా విన్నాక మొహం వేలాడేశారు. "అబద్ధమాడిందా? నా ఇంగితం అబద్ధమాడిందా?" అని గొణిగారు. మరుక్షణమే తలెత్తారు. "అంటే పాత యంత్రంలో కూడా అణువంత లోపం లేకుండా పనిచేస్తోందన్నమాట! గొంతు చదివింది, కోరిక పట్టుకుంది, నొచ్చుకోకుండా జవాబు చెప్పింది. ఇంతకన్నా పూర్తిగా మోయడం ఏముంటుందమ్మా?"

"మాస్టారూ, అలా పూర్తిగా మోసినందుకే మనం పది రోజుల్లో ఊపిరాడక చచ్చేవాళ్లం" అంది మందాకిని. 

ఆమె మళ్లీ కెమెరా వైపు తిరిగింది. ఇక భూమికి దిగక తప్పదేమో. అయినా అడిగింది. "మీకేం కావాలో చెప్పండి. ఈసారి మా మొహాలు చూడకుండా చెప్పండి."

"అదేనండి నేననేది" అన్నాడు పెద్దాయన. "గాలికి మొహాలు చూడాల్సిన పనేముంది? అందరికీ ఒకటే గాలి కదా. ఆ మొహాలు చదివే పని ఇంకెవరికైనా ఇస్తే, మిగతా ఇంగితాన్ని హాయిగా మోస్తాను. కల్యాణ మండపంలో కంప్యూటరు పెళ్లిళ్లప్పుడు తప్ప ఊరికే కూర్చుంటుంది. కాస్త తోడు రమ్మందామని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను."

భూషణం గారు నుదురు కొట్టుకున్నారు. ఇంగితం మొత్తం నడవాలన్నదే భూకేంద్రం నియమం, ఒకే పెట్టెలో నడవాలని ఎక్కడా లేదు. ఆయన అప్పటికప్పుడు బల్ల ముందు కూర్చుని ఆంతర్య యంత్రాన్ని మండపం కంప్యూటరుకు మార్చే పనిలో పడ్డారు. మధ్యలో రెండుసార్లు కాఫీ వద్దన్నారు, రెండుసార్లూ తాగారు.

సాయంత్రానికి పని పూర్తయింది. తలపైన పంకాలు ఒక్కొక్కటే కదిలి చల్లటి గాలి దిగింది. ఆపద ప్రాసెసర్ మళ్లీ ఖాళీగా, సిద్ధంగా ఉంది. మందాకిని అన్ని కొలతలూ వేరే మీటర్లతో తనే తీసుకుంది. మొహాలు చూడటం మానేసిన పెద్దాయనను మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

"సరిపోయింది. కుడివైపు మూడో పంకా అరిగింది, మార్పించండి" అన్నాడాయన నిర్మొహమాటంగా.

ఆ ఫిర్యాదు వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పూర్ణ ఎక్కడికీ దిగక్కర్లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు గెంతుతూ ఇక్కడే పెరుగుతుంది. ఆమె సంతకం పెట్టి లేవబోయింది.

"మందాకిని గారూ, మీరెలా ఉన్నారు?" అన్నాడు పెద్దాయన.

"నాకేంటండి, బాగానే ఉన్నాను."

"అలసిపోయినట్టున్నారు."

"అబ్బే, అదేం లేదు."

"నేను మొహాలు చూడటం మానేశాను గానీ మీ పడగ్గదికి గాలి పంపేది నేనేనండి. ఊపిరి కొలతలు నాకు తెలుస్తాయి. మీరు సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది."

"ఏదో... చూసుకుంటానులెండి."

 పెద్దాయన తొందరపడలేదు. కాసేపాగి, "నా దగ్గర కూడానా? చెప్పండి" అన్నాడు.

మందాకిని పనిముట్ల పెట్టె మీద కూలబడింది. "ఒక్కదాన్నే చేయలేకపోతున్నానండి" అంది. ఆ మాట నోటి నుంచి వచ్చేదాకా అది తన లోపల ఎంత బరువుగా ఉందో ఆమెకే తెలియదు. కళ్లు తుడుచుకుంది, మళ్లీ నిండాయి. అయినా ఎంతో హాయిగా ఉంది.

భూషణం గారు చేతిలో కప్పు పట్టుకుని బిత్తరపోయి చూశారు. "అదేంటమ్మాయ్! పొద్దున నేనడిగాను కదా. దుక్కలా ఉన్నానన్నావు!"

"మీరు ఒక్కసారే అడిగారు మాస్టారూ" అంది మందాకిని.

 ఆయన కప్పు కింద పెట్టి ఆమె పక్కనే పెట్టె మీద కూర్చుని మళ్లీ అడిగారు.