పక్కవాడి స్తంభం

రెండువేల నూట పదిహేడు నాటికి అంగారకుడి మీద అరుణపురంలో ఇల్లు కట్టడమంటే నారు పోసినంత తేలిక. పునాది మీద స్తంభాంకుర యంత్రాన్ని నిలబెడితే చాలు. అది అక్కడి ఎర్ర ఇసుకను లేజర్‌తో కరిగించి, పొర మీద పొర పేర్చి, నగిషీతో సహా స్తంభాన్ని మొలిపించేది. తీరులు మాత్రం భూమివే. ఒక వీధిలో గ్రీకుల ఆకుల తలకట్టు, మరో వీధిలో కాకతీయుల నున్నటి నల్లస్తంభాల పోలిక.

ఈసారి కట్టేది నగర సభామండపం.

"మనదంటూ ఒక శైలి పుట్టించండి. మీ యంత్రానికి చేతకాకపోతే, యంత్రాలే సొంతంగా ఊహించి కట్టాలన్న ఈ ప్రయోగం ఇంతటితో ఆపేద్దాం," అని నగరాధ్యక్షురాలు తేల్చి చెప్పింది. ఆ యంత్రానికి ఆలోచించడం నేర్పిన శాస్త్రవేత్త సౌగంధికి దిగులు పట్టుకుంది. అది ఎన్ని స్తంభాలు మొలిపించినా పాతవాటి కలగూరగంపే.

"కొత్తది ఎందుకు రావడంలేదు?" అని యంత్రాన్నే అడిగింది.

"కొయ్య పోయి రాయి వచ్చాక కూడా శిల్పులు రాతిలో కొయ్యమేకులు చెక్కారు. అలవాటు అంత గట్టిది," అంది యంత్రం. "ఆ అలవాటు వదిలిన చోటల్లా నాకు కారణం ఒకటే కనిపించింది. పక్క ఊళ్లో అంతకంటే అందమైన మండపం లేచింది. నాకు పక్క ఊరు లేదు."

సౌగంధి ఎగిరి గంతేసి, ఇలాంటిదే ఇంకో యంత్రాన్ని తయారుచేసిన తోటి శాస్త్రవేత్త మస్తాన్ దగ్గరికి పరుగెత్తింది.

"మీ యంత్రాన్ని మండపానికి కుడివైపు పెట్టండి మస్తాన్ గారూ! ఎడమవైపు నాది. ఒకదాన్నొకటి చూసుకుంటూ కడతాయి."

"కోడిపందెమన్నమాట," అని నవ్వాడాయన.

వారం తిరక్కుండా కుడివైపు మొదటి స్తంభం లేచింది. మైదానాల్లో తిరిగే దుమ్ముసుడి ఉన్నపళంగా రాయై నిలిచినట్టుంది. అంగారకుడి తక్కువ గురుత్వాకర్షణలో తప్ప నిలవలేనంత సన్నని నడుము. జనం ఈలలు వేశారు. సౌగంధి యంత్రం మాత్రం మళ్లీ ఆ పాత గ్రీకు ఆకులే తొడిగింది.

ఆమెకు కడుపు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే నగరం మీది గాజుకప్పుకు పేరుకున్న మంచు అల్లికను చూస్తూ నిలబడి, చప్పున వెళ్లి యంత్రం ఆలోచనను ఆపేసింది. తనే గీసింది, యంత్రం ఆ గీసినదాన్ని మొలిపించింది. మంచుతీగలు పైకి పాకుతున్న స్తంభం తళతళలాడింది. కుడివైపు నుంచి జవాబుగా ఇంకొకటి లేచింది. ఆమె మళ్లీ గీసింది. తిండి ధ్యాస లేదు, ఒళ్లు తెలియలేదు. అంత సంబరం ఆమె ఎన్నడూ ఎరగదు.

మస్తాన్ యంత్రం ఎలా ఆలోచిస్తోందో తెలుసుకోకుండా ఉండలేక, ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఆయన గదిలోకి దూరింది. ఆయన గభాల్న తను గీస్తున్న కాగితాలు వెనక దాచుకున్నాడు. గదిలో ఉన్న యంత్రం మెదడు దీపాలు ఆరిపోయి ఉన్నాయి.

"ఇదేంటండీ?"

"దీని ఆలోచన మొదటి రోజే ఆపేశానమ్మా, గీసేదంతా నేనే. నీ యంత్రం ముందు తేలిపోతానని భయమేసింది."

"నాదాని ఆలోచనా ఆపేసి చాలా రోజులైంది!"

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. ప్రయోగం బతకాలంటే గుట్టు దాచాలని, పేరంతా యంత్రాలకే ఇవ్వాలని ఒట్టు పెట్టుకున్నారు.

ప్రారంభోత్సవం నాడు అధ్యక్షురాలు ఎడమవైపు స్తంభాన్ని చేత్తో తడిమింది.

"అబ్బ! ఏ యంత్రానిదమ్మా ఈ ఊహ?"

"యంత్రానిదేంటండీ, నాది!" అనేసింది సౌగంధి.

"ముందు ఇటు కుడివైపు నేను గీసింది చూడండి మేడమ్," అంటూ మస్తాన్ అడ్డొచ్చాడు.