సెలవు పెట్టే మేఘం

"మీ మేఘం ఆదివారాలు సెలవు పెడుతుందా అండీ?"

మూడు నెలల కష్టాన్ని ఒక్క ప్రశ్నతో గంగలో కలిపేసిన అమ్మాయిని చూసి అతనికి ఒళ్ళు మండింది.

అతనిది శాటిలైట్ సిగ్నళ్ల పరిశోధన. ఎదురు బ్లాకు మేడ మీదున్న డిష్‌కి రోజూ నాలుగింటికి పదకొండు నిమిషాల పాటు సిగ్నల్ పడిపోతోంది. కంటికి కనపడని మేఘమేదో కమ్ముతోందని కంప్యూటర్‌లో మోడల్ కట్టి, పేపర్ కూడా రాసేశాడు. రేపు పెద్దసార్ ఒప్పుకుంటే రెండేళ్ళు ఉద్యోగం ఉంటుంది, లేకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి.

అంకెలు సరిచూడమని పెద్దసార్ ఈమెకి పంపారు. ఎదురు బ్లాకులో ధరల అంచనాలు కడుతుంది. అతను చాటుగా పెట్టిన పేరు జోస్యం.

"ధరలు చెప్పే ముందు మేం సెలవులే చూస్తాం. సెలవు రోజుల్లో మీ సిగ్నల్ ఒక్కసారైనా పడలేదు."

"మీ జోస్యాలు ఫలించినట్టు! పోయిన నెల ఉల్లి దిగుతుందన్నారు, కొండెక్కి కూర్చుంది."

"దిగుతుందన్నాను. ఎప్పుడో చెప్పలేదుగా."

"సరే, ఇవాళ నాలుగింటికి నేనే మేడెక్కి తేలుస్తాను."

ఆమె మొహంలో నవ్వు మాయమైంది. "వానొచ్చేలా ఉంది, ఎందుకులెండి," అంటూ కాగితాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

నాలుగయింది. చినుకుల్లో గొడుగు పట్టుకుని, డిష్ వెనక నిలబడి ఫోన్‌లో సిగ్నల్ గీత చూస్తున్నాడు. గీత చెక్కు చెదరలేదు. నాలుగూ అయిదయింది, నాలుగూ పదయింది. మేఘం లేదు, మోడల్ లేదు, రేపట్నుంచి ఉద్యోగమూ ఉండదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలుపు తోసుకొచ్చిన జోస్యం, తడుస్తూనే వెళ్ళి డిష్ ముందు పిట్టగోడకి ఆనుకుని నిలబడింది.

"ఇప్పుడు చూడండి," అంది.

గీత పాతాళానికి పడిపోయింది.

"మీరా?" అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇంత మేడ ఉండగా రోజూ ఇక్కడే నిలబడాలా?"

"ఇక్కణ్ణుంచే మీ కిటికీ కనిపిస్తుంది."

వాన పెరిగింది. ఆమె తల దించుకునే చెప్పింది. "ఇది నేనేనని పొద్దున్న మీ అంకెలు చూడగానే తెలిసిపోయింది. చెప్పకపోతే రేపు నలుగురిలో మీరు నవ్వులపాలవుతారు. చెప్తే నేనవుతాను. నేనైతే మీ ఒక్కరి ముందే కదా అని వచ్చాను."

అతనికి కోపం రాలేదు. మూడు నెలలుగా తను కొలుస్తున్నది ఒకమ్మాయి తనని చూసే చూపునని తెలిసి, సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గొడుగు తెచ్చి ఆమె తల మీద పట్టాడు.

"నన్ను చూడ్డానికి పదకొండు నిమిషాలేనా?"

"మా కాఫీ విరామం అంతే మరి."

మర్నాడు పెద్దసార్ ముందు పేపర్ వెనక్కి తీసుకున్నాడు. మేఘం కాదనీ, డిష్‌కి మనిషి అడ్డమనీ ఒప్పుకున్నాడు. పెద్దసార్ అతన్నీ, పక్కన కాగితాల్లో మొహం దాచుకున్న జోస్యాన్నీ మార్చి మార్చి చూశారు.

"తప్పు నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి ఆర్నెల్లు ఇస్తున్నాను, కొత్తగా మొదలెట్టు. ఇంతకీ ఆ మనిషిని మేడెక్కొద్దని చెప్పావా?"

"లేదండీ," అన్నాడతను. "పొద్దున్నే డిష్‌ని పక్కకి జరిపేశాను."